మన్రో దొర లెక్కలో ఎవరి మాట ఎంత బరువు

పోయిన నెల మా రైతు సంఘం మీటింగు జరిగింది. కాగితాల మీద దాని పేరు రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, మేం మాత్రం సంఘం అనే అంటాం. పత్తికొండ పక్క టమేటా, వేరుశనగ పండించుకునే వాళ్లం తలా ఇంత వాటా కట్టి పెట్టుకున్నది. నేనూ అందులో ఒక డైరెక్టర్ని. వచ్చే అయిదేండ్లకు ప్లాను రాసుకోవాలని బయటినుంచి ఒక సారును పిలిపించినాం. ఆయన గోడ మీద నాలుగు గదుల పటం గీసినాడు. ఒక పక్క పలుకుబడి, ఇంకో పక్క ఆసక్తి. సంఘంతో పనిపడే వాళ్లందరినీ ఆ నాలుగు గదుల్లో సర్దాల. అప్పిచ్చే బ్యాంకు, సరుకు కొనే కంపెనీ పై గదిలోకి పోయినాయి. వాళ్లను దగ్గరుండి చూసుకోవాలంట. చిన్న రైతులు కింది గదిలో పడినారు. వాళ్లకు సంగతి చెప్తా ఉంటే చాలంట. కౌలుకు చేసుకునేటోళ్లు ఏ గదిలోనూ లేరు.

ఆ పటం నుంచి పుట్టిన ప్లాను ఏమంటే, అప్పు తీసుకుని గ్రేడింగ్ షెడ్డు కట్టాల. ఆ అప్పు తీరేదాకా టమేటా పెట్టె ఒక్కోదాని మీద ఇంత అని పట్టుకోవాల. ధర ఎంతున్నా అంతే. మా మార్కెట్టులో ధర పడిపోయిన రోజు పెట్టెలకు పెట్టెలు రోడ్డు పక్కన పారబోసి వచ్చినోళ్లం మేం. ఆ రోజు గూడ పెట్టె మీద కోత ఉంటుందా అని అడిగితే, లెక్క అట్లనే కుదురుతుందన్నారు. నా నోట మాట రాలేదు.

ఇంటికి వస్తాంటే మా ఊరి పక్క చెప్పుకునే మన్రో దొర మతికొచ్చినాడు. ఆయన ప్రాణం పోయింది ఈ పత్తికొండలోనే, కలరా తగిలి. ఆయన గుర్తుగా అప్పటి సర్కారు ఇక్కడ మెట్ల బావి తవ్వించి తోపు పెట్టించింది. చిన్నప్పటినుంచి ఆయన కథలు వింటానే ఉండాం, కానీ ఆయన చేసిన పని ఏందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ పని కచ్చితంగా మా మీటింగులో జరిగిన పనే. ఒక పెద్ద కంపెనీకి ప్లాను రాసినాడు. దాంట్లో ఎవరి మాటకు ఎంత బరువు ఇయ్యాలో తూచినాడు. కొంత సరిగ్గా తూచినాడు, కొంత తప్పినాడు. ఆ రెండూ మనకు పనికొస్తాయి.

చెవులు మందమైన పిల్లోడు

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులో గ్లాస్గో ఊర్లో పుట్టినాడు. తండ్రి అమెరికాలో వర్జీనియాతో యాపారం చేసే సౌకారు. చిన్నప్పుడు తట్టు పోసి మన్రోకు చెవులు మందమైనాయి. అది ఆయనకు కడదాకా పోలేదు. అమెరికా వాళ్లు ఇంగ్లండు మీద తిరగబడి యుద్ధం వచ్చేసరికి తండ్రి యాపారం మునిగింది. ఇల్లు గడవని పరిస్థితిలో కొడుకు ఈస్టిండియా కంపెనీ పటాలంలో చేరి, 1780లో మద్రాసులో దిగినాడు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేండ్లు నిండలేదు.

వచ్చిన ఏడే హైదరాలీతో యుద్ధం. పన్నెండేండ్లు సిపాయి బతుకే. ఆ గుడారాల్లోనే కూర్చుని హిందుస్తానీ, పారసీ నేర్చుకున్నాడు. 1792లో టిప్పు సుల్తాను కాడనుంచి బారామహల్ కంపెనీకి వచ్చింది. ఇప్పటి ధర్మపురి, కృష్ణగిరి పక్క నేల అది. అక్కడ శిస్తు కుదర్చడానికి సివిల్ ఆఫీసర్లకు భాష రాదు, ఊరు తెలీదు. అందుకని కెప్టెన్ రీడ్ అనే పటాలం ఆఫీసరును వేసి, ఆయన కింద ఇంకొందరు పటాలం వాళ్లను పెట్టినారు. అందులో మన్రో ఒకడు. ఏడేండ్లు అక్కడ చేనుగట్ల మీద తిరిగినాడు. మధ్యలో జమీందారు లేకుండా, పొలం దున్నేవాడితోనే సర్కారు నేరుగా లెక్క చూసుకునే పద్ధతి, దాన్నే రైత్వారీ అంటారు, అక్కడ మొదలైంది. రీడ్ దొర దానికి తండ్రి అయితే పెంచి పెద్ద చేసింది మన్రో.

1799లో శ్రీరంగపట్నం పడిపోయినాక ఆయన్ను కెనరాకు పంపినారు. ఒక సంవత్సరం దాటేసరికి మన నేల ఆయన చేతికొచ్చింది.

దత్త మండలం

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాల. ఇప్పుడు మనం రాయలసీమ అంటాండాం గానీ ఆ పేరు 1928లో నంద్యాల సభలో పెట్టుకున్నది. అంతకు ముందు మనవి దత్త మండలాలు. 1800లో నిజాము తన కాపలాకు ఉండే ఇంగ్లీషు పటాలానికి జీతాలు ఇయ్యలేక, బళ్లారి, అనంతపురం, కడప పక్కలూ ఇప్పటి కర్నూలు జిల్లాలో చానా భాగమూ కంపెనీకి రాసిచ్చినాడు. కర్నూలు పట్నం మటుకు 1839 దాకా నవాబు కిందనే ఉండింది. మనల్ని మనం దత్తు ఇచ్చుకోలేదు. మన మీద లెక్క రాసిన వాళ్లెవరూ మనల్ని అడగలేదు. ఆ లెక్క ఇప్పటికీ నాకు గొంతులో ముల్లు మాదిరి ఉంటుంది.

మన్రో ఈ నేలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి అనంతపురంలో కచేరి పెట్టినాడు. ఆయన కింద నలుగురు చిన్న కలెక్టర్లు. ఏడేండ్లలో ఎక్కువ భాగం గుడారంలోనే కాపురం. తుపాకీ కాపలా వెంట లేకుండా తిరిగినాడు, పటాలంతో వస్తే రైతు ఎదురుపడడని.

ఇప్పుడు మా సారు గీసిన పటం మీద మన్రో కాలం మనుషుల్ని నిలబెట్టి చూస్తాం. అందరికంటే పైన లండన్లో కంపెనీ డైరెక్టర్లు. వాళ్లకు కావాల్సింది రొక్కం, అదీ గడువుకు. వాళ్ల కింద మద్రాసులో గవర్నరు, రెవెన్యూ బోర్డు. బెంగాలులో 1793లో కారన్‌వాలిస్ చేసిన మాదిరి పెద్ద జమీందార్లను పెట్టి, వాళ్ల కాడ శాశ్వతంగా ఇంత అని రాయించుకుంటే పని సులువని బోర్డు ఆలోచన. ఇక్కడ నేల మీద ఎనభై మంది దాకా పాలెగాళ్లు. వాళ్ల చేతికింద ముప్పై వేల మంది ఆయుధాలున్న బంట్లు. ఊర్లో రెడ్డి, కరణం. గుడులకు, మఠాలకు, పండితులకు, కావలి వాళ్లకు ఇనాం భూములు. అందరికంటే కింద సేద్యగాడు. వానికి మాత్రమే నాగలి ఉండాది, వానికి మాత్రమే వాన రాకపోతే నష్టం.

పాలెగాళ్లను గీటు బయట పెట్టినాడు

పాలెగాళ్ల సంగతిలో మన్రో దాక్షిణ్యం చూపలేదు. నిజాము కాలంలో వాళ్లు కట్టితే కట్టినట్టు, లేకపోతే లేదు. మన్రో వాళ్ల మీద కట్టుబడి సొమ్ము పెంచినాడు, బంట్లను విడగొట్టమన్నాడు. కాదన్నోళ్ల మీదికి జనరల్ క్యాంబెల్ పటాలం నడిచింది. కొందరు పారిపోయినారు, కొందరు పట్టుబడినారు, చానా మంది పాళెం పోగొట్టుకుని నెలకింత పింఛను తీసుకునే గతికొచ్చినారు. లండన్ డైరెక్టర్లే ఈ తీరు తప్పని ఆయనకు చీవాట్లు పెట్టినారు. ఆయన వినలేదు. రైతు కాడ ఇద్దరు శిస్తు వసూలు చేస్తే రైతు బతకడని ఆయన లెక్క. ఆ లెక్కలో నిజం ఉండాది. పాలెగాళ్ల కొట్లాటల్లో ఊర్లు కాలిపోయిన సంగతి మన పెద్దలకు తెలుసు.

కానీ పాలెగాడు కానివాళ్లు గూడ దెబ్బ తిన్నారు. మా పక్క తెర్నేకల్లు అని ఒక ఊరుంది. 1801లో ఆ ఊరి వాళ్లు శిస్తు ఎక్కువని ఎదురు తిరిగినారు. ఊరి పెద్ద గౌడప్ప పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. కంపెనీ పటాలం వచ్చి కోటను ముట్టడించింది. మొదటిసారి వెనక్కి తన్నించుకుని, మళ్లా ఫిరంగులతో వచ్చి కోట పట్టుకుంది. ఊర్లో నెత్తురు పారింది. శిస్తు ఎక్కువైందని ఊరు చెప్పిన మొదటి మాటకు దొరకిన జవాబు అది. మన్రోను దేవుడని చెప్పేటప్పుడు తెర్నేకల్లును మర్చిపోతే మనం అబద్ధం చెప్పినట్టే.

గొలుసు పట్టుకుని చేను చేనూ

ఇంక ఆయన చేసిన మంచి ప్లాను సంగతి. మొదటి ఏడు ఊరికింత అని మొత్తంగా కుదిర్చినాడు. రెండో ఏడునుంచి రైతు రైతుతోనూ విడిగా. దానికి చేను కొలత కావాల. 1802లో నలుగురు గుమాస్తాలతో పైమాయిషీ మొదలుపెట్టినాడు. పోనుపోను ఆ గుమాస్తాలు నూరుమంది దాకా అయినారు. ముప్పైమూడు అడుగుల గొలుసు. ఆ గొలుసంత పొడుగు, అంతే వెడల్పు ఉంటే ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరా. ఇప్పటికీ మనం గుంటల్లో మాట్లాడుకునేది ఆ లెక్కే. చేలను మెట్ట, తరి, తోట అని విడగొట్టినాడు. మళ్లా మెట్టలో నల్లరేగడి వేరు, ఎర్రనేల వేరు, గరుసు నేల వేరు.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. నేల మంచిదా చెడ్డదా అని తేల్చేది ఎవరు? కరణాన్ని ఒక్కణ్ణే అడిగితే, తన వాళ్ల చేలను తక్కువ తరగతిలో రాస్తాడు. రైతును ఒక్కణ్ణే అడిగితే, తన చేను గరుసు అంటాడు. ఎవరైనా అంతే, నేనైనా అంతే అంటా. కచేరి గుమాస్తాను ఒక్కణ్ణే నమ్మితే, లంచం వచ్చిన పక్క గీత జరుగుతాది. అందుకని మన్రో ఎవరినీ ఒంటరిగా నమ్మలేదు, ఎవరినీ పక్కనా పెట్టలేదు. ముందు ఊరి రెడ్డి, కరణం, రైతులు కలిసి చేల తరగతులు చెప్పాల. దాని మీద సర్కారు మదింపుదారు లెక్క కట్టాల. ఆ లెక్కను పక్క ఊర్ల పెద్ద రైతుల్ని కచేరికి పిలిపించి చూపియ్యాల. వాళ్లు ఇది ఎక్కువ, ఇది తక్కువ అంటే మళ్లా సరిచెయ్యాల. పక్క ఊరోడికి ఈ ఊరి నేల తెలుసు. కానీ ఈ ఊరి శిస్తు తగ్గితే వానికి లాభం లేదు. అందుకే వాడి మాట అబద్ధం కాదు. ఒకరి స్వార్థాన్ని ఇంకొకరి స్వార్థంతో కట్టేసి తూకం నిలబెట్టినాడు. ఏ పటంలోనూ ఇంత తెలివి నేను చూడలేదు.

అయితే దాంట్లోనే ఒక కత్తి గూడ దాపెట్టినాడు. ఎవరైనా రైతు కట్టలేక పడిపోతే, ఆ బాకీ నూటికి పది దాకా ఊర్లో మిగతా రైతుల మీద వేస్తారు. పేరుకు శిస్తు విడివిడిగా, నష్టం మాత్రం కలిసికట్టుగా. కంపెనీ రొక్కం మాత్రం తగ్గగూడదు. పై గదిలో ఉండే వాడి పలుకుబడి అంటే అది.

నూటికి ఇరవై అయిదు

ఏడేండ్లలో ఈ నేల మీద శిస్తు ఒకటిన్నర రెట్ల దగ్గరికి పెరిగింది. మధ్యలో 1803, 1804ల్లో కరువు వచ్చినా పెరిగింది. కంపెనీకి ఇంతకంటే ఏం కావాల? మన్రోకు మెప్పు వచ్చింది. ఆయన అక్కడితో ఆగి సీమకు పోయుంటే మనం ఆయన్ను ఇంకో వసూలుదారుగా గుర్తుపెట్టుకునేటోళ్లం.

కానీ 1807 ఆగస్టులో పోయేముందు ఒక రిపోర్టు రాసినాడు. తాను కుదిర్చిన శిస్తే ఎక్కువైందని తానే ఒప్పుకున్నాడు. నూరు బస్తాలు పండితే సుమారు నలభై అయిదు సర్కారు వాటా కింద పోతాంది. ఇంత పట్టుకుంటే రైతు ఎద్దును నిలుపుకోలేడు, బావి తవ్వుకోలేడు, నేల మీద వానికి ఆశ పుట్టదు. అందుకని అన్ని నేలల మీద శిస్తులో నూటికి ఇరవై అయిదు తగ్గియ్యాల. రైతు సొంత ఖర్చుతో నీళ్లు పెట్టుకునే బావుల కింది నేలకు ఇంకో ఎనిమిది గూడ తగ్గియ్యాల. అంటే సర్కారు వాటా పంటలో మూడో వంతు దగ్గర ఆగాల. రైతు తన ఇష్టం ప్రకారం ఏడాదికేడాదికి చేను వదులుకోనూ, కొత్తది పట్టుకోనూ స్వేచ్ఛ ఉండాల.

ఇక్కడ ఆయన చేసింది గమనించండి. పలుకుబడి లెక్కలో చూస్తే రైతు అందరికంటే కింద. ఆసక్తి లెక్కలో చూస్తే అందరికీ ఆసక్తి ఉండనే ఉండాది. మన్రో మూడో లెక్క ఒకటి తెచ్చినాడు. ప్లాను తప్పితే నష్టం ఎవని మీద పడుతాది? లండన్లో వాటాదారుకు నూటికి ఇంత అని వస్తానే ఉంటాది. బోర్డు మెంబరుకు జీతం వస్తానే ఉంటాది. వాన తప్పితే ఎద్దును అమ్ముకునేది రైతు. నష్టం మోసేవాని మాటకు బరువు ఎక్కువ ఉండాల. ఆ బరువును నోటి మాటతో కాకుండా శిస్తు తగ్గింపుతో చూపియ్యాల. ఇదీ ఆ రిపోర్టు సారాంశం అని నేననుకుంటా.

రిపోర్టు పోయింది. ఎవరూ వినలేదు. ఆయన్ను నమ్మిన గవర్నరు బెంటింక్, వేలూరు సిపాయిల తిరుగుబాటు దెబ్బకు పదవి పోగొట్టుకుని అదే ఏడు వెనక్కి పోయినాడు. మన్రో గూడ సీమకు బయలుదేరినాడు. రెవెన్యూ బోర్డు రైత్వారీని తీసేసి, ఊరు ఊరంతా ఒకరికి గుత్తకిచ్చే పద్ధతి తెచ్చింది. 1808 నుంచి మూడేండ్ల గుత్త, తర్వాత పదేండ్ల గుత్త. గుత్త మొత్తం కట్టింది మన్రో కాలం నాటి పెద్ద శిస్తు మీదనే. తగ్గిస్తామన్నది మాత్రం రాలేదు. ఆయన పెంచింది పట్టుకున్నారు, తగ్గియ్యమన్నది పారేసినారు. గుత్త పట్టిన రెడ్లు రైతుల్ని పిండినారు. పిండినా చాలక చానా మంది గుత్తదార్లే బాకీ పడి ఆస్తులు పోగొట్టుకున్నారు. చేలు బీళ్లు పడినాయి. గుత్తకు ఇచ్చేటప్పుడు బోర్డు ఆలోచించింది తన పని సులువు గురించి. ఇన్ని వేల మంది రైతులతో మాట్లాడే బదులు ఊరికి ఒకడితో మాట్లాడితే చాలు అని. ఆ సులువుకు ఖర్చు కట్టింది ఊరు.

కుర్చీ చేతికొచ్చినాక

మన్రో సీమలో ఊరికే ఉండలేదు. పార్లమెంటు ముందర సాక్ష్యం చెప్పినాడు, డైరెక్టర్లకు నచ్చజెప్పినాడు. 1814లో పెండ్లి చేసుకుని, అదే ఏడు మళ్లా మద్రాసుకు వచ్చినాడు, కోర్టులు పోలీసు పద్ధతులు సరిచేసే కమిషన్‌కు పెద్దగా. 1816లో ఊరి పెద్దలకు, పంచాయతీలకు చిన్న తగాదాలు తీర్చే అధికారం వచ్చింది ఆ కమిషన్ వల్లే. నడుమ మరాఠా యుద్ధంలో దండు గూడ నడిపినాడు. 1820లో మద్రాసు గవర్నరు అయినాడు.

పదమూడేండ్ల కిందట తాను రాసిన తగ్గింపు అప్పుడు అమలైంది. దత్త మండలాల్లో మెట్టకు, తరికి నూటికి ఇరవై అయిదు, తోటకు ముప్పైమూడు తగ్గింది. రైత్వారీ మళ్లా వచ్చింది. తగ్గినాక గూడ పంటలో మూడో వంతు తక్కువేం కాదు. ఇప్పుడు ఏ సర్కారైనా మన పంటలో మూడో వంతు అడిగితే ఊరుకుంటామా? అయినా ఆ తగ్గింపుతో రైతుకు ఊపిరి ఆడింది. మన నేల మీద మన్రో పేరు నిలబడింది ఆ ఇరవై అయిదు మీదనే అని నా నమ్మకం. నాకు బాధ కలిగించేది ఏమంటే, సరైన లెక్క కాగితం మీద పడిన రోజుకూ అది చేనుకు చేరిన రోజుకూ మధ్య పదమూడు పంటకాలాలు పోయినాయి. ఆయనే కుర్చీ ఎక్కకపోతే అదీ వచ్చేది కాదేమో. ఒక మంచి మనిషి కుర్చీ ఎక్కేదాకా కాసుకోవాల్సిన పద్ధతిని పద్ధతి అనగూడదు.

గవర్నరుగా ఉన్నప్పుడు ఇంకో రెండు పనులు చేసినాడు. 1822లో ప్రతి కలెక్టరునూ వాళ్ల జిల్లాలో వీధి బడులెన్ని, ఏ కులం పిల్లలు ఎంతమంది చదువుతాండారు లెక్క పంపమన్నాడు. మన బడుల గురించి మొదట పెద్ద ఎత్తున లెక్క తీసింది అదే. 1824 డిసెంబరు 31న రాసిన కాగితంలో, ఈ దేశం వాళ్లకు పెద్ద ఉద్యోగాలు ఇయ్యకుండా దూరం పెడితే వాళ్ల గుణమే చెడిపోతాదని గట్టిగా వాదించినాడు. ప్లాను మోసేవానికి ప్లాను రాసే చోట కుర్చీ వెయ్యాలన్న మాట అది.

పత్తికొండలో ఆఖరు

1827 నాటికి ఆయనకు అరవై ఆరేండ్లు. రాజీనామా ఇచ్చి, కొత్త గవర్నరు కోసం కాచుకోని ఉండాడు. పిల్లోడికి బాగలేక భార్య ముందే సీమకు పోయింది. ఆయన గూడ ఓడ ఎక్కేది ఉండె. కానీ పోయేముందు దత్త మండలాలు ఒకసారి చూసిరావాలనుకున్నాడు. ఎండాకాలం చివర బయలుదేరి గుత్తికి వచ్చేసరికి ఆయన దండులో కలరా పుట్టింది. జులై 6న పత్తికొండ గుడారంలో ఆయనకు సోకింది, ఆ రాత్రే పోయినాడు. గుత్తిలో పాతిపెట్టినారు. 1831లో అక్కడినుంచి తీసి మద్రాసు కోటలోని చర్చిలో పెట్టినారు.

తర్వాత జనం ఆయన్ను వదల్లేదు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. మంత్రాలయంలో మఠం ఇనాం తీసెయ్యాలా వద్దా అని చూడను పోతే బృందావనంలోంచి రాఘవేంద్రస్వామే ఆయనతో మాట్లాడినాడని కథ. కడప జిల్లా గండిలో పాపాగ్ని రెండు కొండల మధ్య పారే చోట, చావు దగ్గరికొచ్చిన పుణ్యాత్ములకే కనపడే బంగారు తోరణం ఆయనకు కనపడిందని ఇంకో కథ. ఆ కథల్ని నేను నా తీరుగా వింటా. మంత్రాలయం కథలో దొర ఇనాం లాగేసే ముందు చెప్పులిడిచి ఆ గడప కాడికి తానే పోయినాడు. చెవులు మందమైన మనిషి, వేరే వాళ్లకు వినపడని మాట విన్నాడంట. జనం ఆయన్ను దేవుణ్ణి చేసింది, వచ్చి విన్నందుకు.

కానీ వినిపించుకోని వాళ్ల కథ గూడ మన దగ్గరే ఉండాది. మన్రో పాళెం తీసేసి పింఛనులో పెట్టిన నొస్సం పాలెగాడి మనవడికి నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను మాత్రమే వస్తాండె. తాతకు రావాల్సిన భాగం ఇయ్యమంటే సర్కారు కాదంది. అదే కాలంలో పాలెగాళ్ల కింద కావలి చేసిన కట్టుబడి బంట్ల ఇనాం భూములు గూడ తీసేసుకుంటాండె. 1846లో వాళ్లందర్నీ కూడగట్టుకుని ఆ మనవడు కోయిలకుంట్ల ఖజానా మీద పడినాడు. ఆయన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఉరి తీసినారు. మన్రో పోయి ఇరవై ఏండ్లైనా, ప్లానులో గీటు బయట పెట్టినోళ్లు గీటు చెరిపేయను వచ్చినారు. పాలెగాడికి పెత్తనం తీసెయ్యడం వేరు, వాని వెనక ఉండే వేల మంది బంట్లకు బతుకు ఏందో చూపకుండా వదిలెయ్యడం వేరు. మొదటిదాన్ని మన్రో సరిగ్గా చేసినాడు, రెండోదాన్ని ఆయన తర్వాతోళ్లు పూర్తిగా పాడు చేసినారు. దానికి బీజం ఆయన కాలంలోనే పడింది. అట్లనే భూమి లేని కూలోళ్లు, మాదిగ మాల పేటలు ఆయన రికార్డుల్లో రైతు పక్కన ఎక్కడా నిలబడలేదు. గొలుసు పేటల దాకా పోయింది, పేటల వాళ్లను అడగలేదు.

మా మీటింగు మళ్లా ఉండాది

ఇప్పుడు డ్రోన్లతో భూమి రీసర్వే జరిగింది. ఆ ముప్పైమూడు అడుగుల గొలుసు పోయి ఆకాశం నుంచి కొలత వచ్చింది. కొలిచే పనిముట్టు మారినా అడగాల్సింది మారలేదు. కొలత తప్పితే ఎవరికి నష్టం, వాణ్ణి ఎవరు అడిగినారు?

మా సంఘం మీటింగు వచ్చే నెల మళ్లా ఉండాది. నేను మూడు మాటలు రాసుకోని పోతాండా. ఒకటి, ప్లాను తెలుగులో రాసి ఊర్లల్లో చదివి వినిపియ్యాల. ఒక ఊరి లెక్క పక్క ఊరి రైతులతో చూపియ్యాల, మన్రో చేసినట్టు. రెండు, కౌలు రైతుల్ని పిలిచి కూర్చోబెట్టాల. వాటా కాగితం వాళ్ల పేరు మీద లేకపోవచ్చు, చేలో చెమట వాళ్లది. మూడు, పెట్టె మీద కోత ధరతో పాటు దిగాల. ధర ఒక గీతకు కిందికి పోయిన రోజు కోత ఉండగూడదు. అట్లయితే అప్పు తీరను ఇంకో రెండేండ్లు పట్టొచ్చు, బ్యాంకు ఒప్పుకోకపోవచ్చు, షెడ్డు చిన్నది చేసుకోవాల్సి రావచ్చు. చిన్న షెడ్డే కట్టుకుందాం. పై గదిలో ఉండేటోళ్లతో గూడ మర్యాదగానే మాట్లాడాల, వాళ్లు లేకుండా సంఘం నడవదు. కానీ వాళ్లు కొంచెం ఆగితే బతుకుతారు. పెట్టె పారబోసిన రోజు కోత గూడ కట్టిన రైతు మళ్లా మా సంఘం గడప తొక్కడు.

ఇది ఇప్పుడే రాసుకోవాల. మన్రో దొర లెక్కకు పదమూడేండ్లు పట్టింది. మాకు అంత టైము లేదు, వచ్చే కార్తీకానికే టమేటా వస్తాది.